మామ్మ దాచుకున్న తెల్లచీర

నా చిన్నప్పుడు, నాన్న పోయిన తర్వాత రెండేళ్ళపాటు, మా మామ్మ నాగావళి ఏటి గట్టు ఎక్కలేదు. మామ్మంటే నాన్నను కన్నతల్లి. వరి ఊడుపులకని అవతలి ఒడ్డుకు వెళ్ళి, తిరిగొస్తూ వరదలో కొట్టుకుపోయాడు నాన్న. ఆనాటి నుంచి గుడ్డ ఉతకాలన్నా మామ్మ నూతి దగ్గరికే వెళ్ళేది. ఆమెకు దేవుడి మీద కోపం లేదని ఊళ్ళో అనుకునేవారు. నేనొప్పుకోను. పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలుసు. ప్రార్థనకని మోకరించి, నోరు విప్పకుండానే లేచిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

మాది పొందూరు దగ్గర పల్లె. మామ్మ ఖద్దరుకు నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వి, గింజలు తీసి, ఏకులు చేసుకుని రాట్నం ముందు కూర్చుంటే, ఆమె తీసే పోగు కంటికి ఆనేది కాదు. ఎప్పుడో తన చేత్తో వడికిన నూలుతోనే ఒక తెల్లచీర నేయించుకుని ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. తనను పాతిపెట్టేటప్పుడు కట్టవలసిన చీర అది. ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచింది. ఆ పెట్టె జోలికి ఎవరైనా వెళ్ళారో, ఇల్లు పీకి పందిరి వేసేది.

నాకు పన్నెండేళ్ళు నిండాక బాప్తిస్మం తరగతులకు పంపారు. మా సంఘానికి అప్పట్లో తొట్టి లేదు, నాగావళిలోనే ముంచేవారు. వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పాను గాని, ఆ ఆదివారం దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించలేదు. నాన్నను మింగిన నీళ్ళలో నన్ను వెల్లకిలా ముంచుతారా? రానంటే రానని కూర్చున్నాను. అమ్మ బతిమాలింది, పాస్టరు గారు నచ్చజెప్పారు. నేనసలే మొండిఘటాన్ని, ఇప్పటికీ అంతే.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, పొద్దున్నే మామ్మ పెట్టె తెరిచి, ఆ తెల్లచీర చంకన పెట్టుకుని, నాగావళిలో ఉతుక్కొస్తాను తోడు రమ్మంది. పెట్టె వాసన పట్టిందట. ఆమె వెంట నడిచాను. గట్టు దిగేసరికి ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. ముందు నటన అనుకున్నాను. చెయ్యి పట్టుకున్నాక తెలిసింది, నటన కాదు.

"నాకు బయ్యంగున్నాదే. నువ్వు ముందు దిగు. నీ సెయ్యట్టుకుని నానొత్తాను."

ముసలమ్మ ఎక్కడ పడిపోతుందోనన్న ధ్యాసలో నా భయం సంగతే మరిచిపోయాను. చీలమండల లోతు, మోకాళ్ళ లోతు, నడుము లోతు. అక్కడ నిలబడి చీరను చెరో కొసా పట్టుకుని ముంచాం, తీశాం, మళ్ళీ ముంచాం. ఉన్నట్టుండి మామ్మ ఏడ్చింది. రెండేళ్ళుగా ఆపుకున్న ఏడుపు. నేనూ ఏడ్చాను. చాలాసేపటికి ఆమె మొహం కడుక్కుని నావైపు తిరిగింది.

"నా కొడుకుని దేవుడెందుకు తీసుకెల్లాడో నానెరగను. పాస్టరు గారికీ తెల్దు. ఒకటే తెలుసు నాకు. ప్రెబువు కూడా కష్టపడి, సచ్చిపోయి, సమాదిలోకెల్లాడు. అక్కడుండిపోలేదు, లెగిసొచ్చాడు. మీ నాన్న ఒంటరిగా ములగలేదే. ప్రెబువు ఆడి పక్కనే ఉన్నాడు. ఆడినీ లేపుతాడు."

చీర ఆరగానే మామ్మ కత్తెర తీసింది. నాకు బాప్తిస్మానికి అంగీ కుట్టడానికి. అమ్మ మొహం మాడిపోయింది, పాతిపెట్టే బట్ట పిల్లకు తొడుగుతారా అని. మరి నీకేం కడతారు మామ్మా అని నేనడిగాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తాపీగా చెప్పింది.

"నీల్లలోకి దిగినా, మట్టిలోకి దిగినా, కట్టుకునేది ఒకటేనే. రెండు సోట్లనుంచీ లెగిసేదే కదా."

ఆదివారం నాడు మామ్మ గట్టు మీద ఆగలేదు. నాతోపాటే దిగి పాస్టరు గారి పక్కన నిలబడింది. ఆయన వద్దనలేదు. వెనక్కి వాలుతుంటే ఆకాశం కనబడింది, అంతలో నీళ్ళు కప్పేశాయి. చెవుల్లో హోరు. నాన్న చివరిగా విన్నది ఇదే కదా అనుకున్నాను. ఆ ఒక్క క్షణమే. పాస్టరు గారి చెయ్యి నన్ను పైకి లేపింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మామ్మ.

"లెగిసావా అమ్మా?"

"లెగిసాను మామ్మా."

ఆమె అలా నవ్వగా చూసి రెండేళ్ళయింది. ఆ వారం నుంచి మా ఇంటి బట్టలన్నీ మళ్ళీ నాగావళిలోనే ఉతికింది.

మొన్న నా మనవరాలు బాప్తిస్మం తీసుకుంది. ఇప్పుడు చర్చి లోపలే పలకలు అతికించిన తొట్టి, చుట్టూ సెల్‌ఫోన్లు. నీళ్ళు చల్లగా ఉన్నాయని గునిసింది, సుఖం మరిగిన పిల్ల. అది పైకి రాగానే, లెగిసావా అని అడిగాను. ఇదేం ప్రశ్న నానమ్మా అన్నట్టు నవ్వింది. చెబుతాను దానికి, తీరిగ్గా.

మామ్మ పోయినప్పుడు నాకు ఇరవై రెండు. బజారులో దొరికిన తెల్లచీర ఏదో కట్టారు. నేను నా బాప్తిస్మం అంగీని మడిచి ఆమె చేతుల కింద పెట్టాను. ఆ తర్వాత నా భర్తనూ, ఒక బిడ్డనూ అదే మట్టికి అప్పగించాను. ఎందుకని ఎవరైనా అడిగితే, మామ్మలాగే నాకూ తెలియదు. ఏడుస్తూనే ఇంటికొచ్చాను, మళ్ళీ పొయ్యి వెలిగించాను. ఆనాడు నీళ్ళలో ఆమె నన్నడిగిన మాట, మట్టిలోంచి లేచిన రోజున నేను ఆమెను అడుగుతాను. ఏమంటుందో నాకు ఇప్పుడే తెలుసు.