బిళ్ళలు దాచుకున్నవాడు

తెలుగులో బిళ్ళ అనే మాటకి చేతినిండా పని. సబ్బు బిళ్ళ, కర్పూరం బిళ్ళ, జడ బిళ్ళ, బంట్రోతు భుజానికి అడ్డంగా వేసుకునే పట్టీ మీద ఇత్తడి బిళ్ళ. కరోనా వచ్చిన ఏడాది మిగతా బిళ్ళలన్నీ సెలవు మీద వెళ్ళిపోయి మందు బిళ్ళ ఒక్కటే డ్యూటీలో మిగిలింది. మా ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

ఇల్లంటే జర్మనీలోని ఇల్మెనౌలో మూడు గదులు, ఒక వంటగది. ఇలా పంచుకుని ఉండే ఇంటిని ఇక్కడ వేగే అంటారు. మా వేగేలో ముగ్గురం తెలుగువాళ్ళమే, ముగ్గురం మాస్టర్స్ చదువుతున్నవాళ్ళమే. పెద్ద గదిలో కరీంనగర్ అన్న. అద్దె ఒప్పందం ఆయన పేరు మీద ఉంది కాబట్టి మాకు ఆయనే ముఖ్యమంత్రి. మధ్య గదిలో కొత్తగా దిగిన గుంటూరు వాడు. చివరి గదిలో నేను, హైదరాబాద్, ప్రతిపక్షం.

అన్న కరోనాని సొంత చుట్టంలా చూసుకునేవాడు. పొద్దున లేస్తూనే దాని గురించే వాకబు. ఆలుగడ్డలకి సబ్బుతో తలంటు పోసేవాడు. ఇంటికొచ్చిన పార్సిల్ ఏదైనా బాల్కనీలో కొన్నాళ్ళు క్వారంటైన్ చేయాల్సిందే. వైరస్ సంగతేమో గానీ ఆ చలికి మా చింతపండు మాత్రం ఇటుకయ్యేది.

గుంటూరు వాడి పార్సిళ్ళు బాల్కనీకి వెళ్ళేవి కావు. చిన్నవి, కానీ బరువైనవి. చేతికి రాగానే గదిలోకి తీసుకుపోయి లోపల గడియ పెట్టుకునేవాడు. అన్నకి అది మొదటి అనుమానం. రెండోది నాది. హీటర్ మీద ఒకరోజు తెల్లటి నూలు గ్లౌజులు ఆరేసి ఉన్నాయి. బయట మంచు మోకాలి దాకా పడుతుంటే ఊలు గ్లౌజులు వేసుకోకుండా పెళ్ళి బ్యాండువాళ్ళ గ్లౌజులు ఉతుక్కునే మనిషిని ఏమనుకోవాలి? మూడోది, వాడి బల్ల మీద బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న త్రాసు. తలుపు సందులోంచి కనపడింది. నేను చూడలేదు, అదే కనపడింది.

గ్లౌజులు, త్రాసు, గడియ పెట్టిన గది. సినిమాల్లో అయితే ఈపాటికి పోలీసులు కిటికీలోంచి దూకేవాళ్ళు. జర్మనీలో దూకడానికి కూడా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలి కాబట్టి రాలేదు.

ఒక ఆదివారం అన్న నన్ను వంటగదిలోంచి జబ్బ పట్టుకుని లాక్కొచ్చి మధ్య గది గోడ దగ్గర నిలబెట్టాడు. ఆ గోడ అట్ట కన్నా కొంచెం మందం. వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు గుంటూరు వాడికి. ప్రతి ఆదివారం ఆయనతో ఫోను.

"బాబాయ్, ఆ పాత బిళ్ళలు ఇంకా మీ దగ్గరే ఉన్నయ్యా? రెండే మిగిలినయ్యా? ఎవరికీ ఇవ్వమాకండి, నాక్కావాలి. అమెరికా సరుకు కదా, మళ్ళీ దొరకదు... ఇంట్లోవాళ్ళకా? అబ్బే, చెప్పలా. చెప్తే ఇంకేమన్నా ఉందా!"

అన్న నన్ను మళ్ళీ వంటగదిలోకి లాక్కుపోయాడు.

"ఇన్నవా? అమెరికా బిళ్ళలట."

"అన్నా, కరోనాకి ఇంకా బిళ్ళే రాలేదు."

"మనకు రాలే. గుంటూరోళ్ళకు అన్నీ ముందుగాల్నే అందుతయి. మనం ఈడ మిరియాల కషాయం తాగి సచ్చుడు, వాడు లోపట కూసొని బిళ్ళలు లెక్కపెట్టుడు. గిసుంటోడు నా ఇంట్ల వద్దు. నెలాఖరుకు పొమ్మంట."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. కరోనా రెండో ఏట అడుగుపెట్టిన ఆ జనవరిలో గది ఖాళీ చేయమంటే మాటలు కాదు. కొత్తవాళ్ళని ఇల్లు చూడ్డానికి కూడా ఎవరూ రానిచ్చేవారు కాదు. గది లేకపోతే అడ్రసు నమోదు ఉండదు, నమోదు లేకపోతే వీసా పొడిగింపు ఉండదు. గుంటూరు వాడి వీసా ఏప్రిల్ దాకానే ఉంది. అంటే అన్న నోట్లోంచి వచ్చే ఆ ఒక్క మాటతో వాడి చదువు విమానం ఎక్కేస్తుంది. నేను కనుక్కుంటానని చెప్పి అన్నని ఆపాను.

మర్నాడు వాడు దోసెలు పోస్తుంటే పక్కకి చేరాను.

"బ్రో, సూటిగా అడుగుతా. పార్సిళ్ళలో ఏముంది?"

వాడు అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ప్రెసిడెంట్లు."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఎప్పుడూ జోకులేసేవాడికి ఉండే శాపం ఇదే, ఎదుటివాడు నిజం చెప్పినా జోకే అనుకుంటాడు. వాడు కూడా కాస్త నవ్వి దోసె తిరగేశాడు.

అన్నకి రిపోర్టు ఇచ్చాను. "ప్రెసిడెంట్లు అంటున్నాడు."

అన్న తల పంకించాడు. "కోడ్ వర్డ్."

నెలాఖరుకి ముందే అన్నకి గొంతు పట్టేసింది. టెస్టు చేయిస్తే పాజిటివ్. అన్నాళ్ళూ ఆలుగడ్డలకి స్నానాలు చేయించిన మనిషికే రావడం అన్యాయం అనిపించింది, ఆలుగడ్డలకి కూడా అనిపించే ఉంటుంది. మా ఇద్దరికీ నెగెటివ్ వచ్చినా ముగ్గురం గడప దాటకూడదన్నారు. అన్న గది తలుపు మూసుకున్నాడు. పొమ్మనే మాట ఆయనతో పాటే లోపల ఉండిపోయింది.

వంట గుంటూరు వాడు చేశాడు. పూటకి ఒక చారు, మెత్తటి అన్నం, తలుపు ముందు స్టూలు మీద. "వాసన తెలుస్తల్లేదు. చారు పోసిండా, ఉడుకునీళ్ళు పోసిండా?" అని అన్న లోపల్నుంచి నాకు ఫోన్ చేసి అడిగేవాడు. గిన్నె మాత్రం ఖాళీగానే బయటికొచ్చేది.

ఒక మధ్యాహ్నం జ్వరం బాగా పెరిగింది. తలుపు అవతల్నుంచి పిలుపు వచ్చింది.

"తమ్మీ."

వాణ్ణి అన్న తమ్మీ అనడం అదే మొదలు. వాడు గరిట పట్టుకునే పరిగెత్తాడు.

"చెప్పన్నా."

"నాకంతా ఎరుకే. కోపం గిట్ల ఏం లేదు. నీ తాన ఉన్న బిళ్ళలల్ల ఒక్కటి నాకియ్యి."

వాడు నా వైపు చూశాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి సరే అన్నప్పుడు కూడా మొహం అంత వెలగదేమో.

"నిజంగానా అన్నా? చూస్తావా? మీరు నవ్వుతారని చూపించలా. ఏది కావాలి, పాతదా, కొత్తదా?"

"పాతది పనిచేస్తదా?"

"పాతదానికే కదన్నా విలువ!"

"డేట్ అయిపోయి ఉండదా?"

"డేట్ వెనక వైపు ఉంటది. మా నాన్న పుట్టకముందుది."

లోపల దగ్గు. చాలాసేపు.

"ఎంతుంటది సైజు?"

"చెక్కంత ఉంటది అన్నా. పండక్కి చేసే చెక్క."

"చెక్కంతా! ఎట్ల మింగాల్రా దాన్ని?"

"మింగటం ఏందన్నా, కంచుది!"

నేను గోడకి జారబడి అలా నేల మీద కూర్చుండిపోయాను.

వాడు ఆ నూలు గ్లౌజులు తొడుక్కుని ఒక చెక్కపెట్టె తెచ్చాడు. లోపల మఖమల్ గుడ్డలో గుండ్రటి గుంటలు, గుంటకో బిళ్ళ. అమెరికాలో కొత్త ప్రెసిడెంటు పదవి చేపట్టినప్పుడల్లా ఒక పతకం అచ్చు వేస్తారట. ఒక వైపు మనిషి మొహం, రెండో వైపు గద్ద. బాబాయ్ ఇదివరకు ఉన్న డార్మ్‌స్టాట్‌లో ఒకప్పుడు అమెరికా సైనికులు ఉండేవాళ్ళనీ, వెళ్తూ వదిలేసిన సామానుతో పాటు ఇవీ పాత వస్తువుల సంతకి చేరాయనీ, బాబాయ్‌కి ఈ పిచ్చి అక్కడే పట్టిందనీ, తనకి బాబాయ్ నుంచి అంటుకుందనీ చెప్పాడు. ఇంట్లో తిరుగుతున్న రెండో అంటువ్యాధి సంగతి అలా తెలిసింది. చేతి చెమట తగలకుండా గ్లౌజులు. నకిలీదైతే బరువులో దొరికిపోతుంది కాబట్టి త్రాసు. మా అనుమానాలన్నీ ఒక్కొక్కటే సర్దుకుని లేచి వెళ్ళిపోతుంటే నాకు కొంచెం దిగులేసింది.

ఒక పతకం పళ్ళెంలో పెట్టి స్టూలు మీద ఉంచి వెనక్కి జరిగాం. తలుపు తెరుచుకుంది, చెయ్యి వచ్చింది, పళ్ళెం లోపలికి పోయింది.

"గివి ఎందుకు దాస్తున్నవ్ రా నువ్వు?"

"నేను కలెక్టర్‌ని కదన్నా."

"ఏ జిల్లాకు?"

జ్వరంలో అడిగాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తేలలేదు. పెట్టె అడుగున మన ఎన్నికల బ్యాడ్జీలు కూడా ఉన్నాయని వాడు ఉత్సాహంగా చెప్పాడు. రెండు రాష్ట్రాలవీ, అన్ని పార్టీలవీ. అక్కడ అన్న గొంతు మారింది.

"నీది ఏ పార్టీ?"

"ఏదీ కాదన్నా."

"ఒక్క పార్టీది పెట్టుకున్నోణ్ణి తిట్టొచ్చు. అన్ని పార్టీలవి పెట్టుకున్నోణ్ణి ఎట్ల నమ్మాలె?"

వాడు ఇంకో పతకాన్ని గ్లౌజు వేలితో తుడిచాడు. "ప్రమాణం చేసే రోజు ఎవడైనా మంచోడే కదన్నా. అప్పటికింకా ఏమీ చేసుండడు. ఆ ఒక్క రోజుని అచ్చు వేసి ఉంచుతారు. అందుకే నాకిష్టం."

"నాకు గా రోజే ఎక్కువ అనుమానం," అన్నాడు అన్న. కాసేపటికి మళ్ళీ ఆయన గొంతే. "సల్లగుంది. నెత్తి మీద పెట్టుకున్న. మంచిగుంది." ఆ మూడు ముక్కలకీ మధ్య చాలా ఊపిరి పట్టింది.

కథ ఇక్కడ ఆపేస్తే అందరం మంచివాళ్ళం. కానీ వంటగదిలోకి రాగానే వాడు అడిగాడు, "అన్న మింగటం అన్నాడేంది?"

నేను మొత్తం చెప్పేశాను, గోడ దగ్గర విన్నదీ, అన్న పొమ్మంటానన్నదీ. బాగా నవ్వుతాడనుకున్నాను. వాడు స్టవ్ కట్టేశాడు.

"అంటే, మందు నా దగ్గర పెట్టుకుని, మీరు దగ్గుతుంటే గదిలో కూర్చుని చూసేవాణ్ణనుకున్నారా?"

దానికి జోకు వెతికాను.

ఆ సాయంత్రం బాబాయ్‌కి ఫోన్ చేశాడు. క్వారంటైన్ అవగానే వోల్ఫ్స్‌బర్గ్ వచ్చేస్తానన్నాడు. బాబాయ్ ఇంట్లో ఇద్దరు పిల్లలు, హాల్లో ఒక సోఫా. అక్కణ్ణుంచి ఇల్మెనౌలో చదువెలా, ఆ ఊళ్ళో వీసా కాగితాలు మొదటికొస్తే ఎలా అని ఆయన అడుగుతున్నట్టుంది. "ఎట్లోగట్లా," అంటున్నాడు వీడు. గోడ మళ్ళీ పనిచేస్తోంది, ఈసారి అవతలి వైపు గదిలో అన్న కూడా వింటున్నాడు.

అన్న బయటికొచ్చేసరికి గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. హాల్లో సూట్‌కేసు నిలబడి ఉంది. దాన్ని చూశాడు. నేను క్షమాపణల సీన్ కోసం టీ పెట్టుకుని మరీ కూర్చున్నాను.

"అన్నా, నా బిళ్ళ," అన్నాడు గుంటూరు వాడు, మొహం చూడకుండా.

"ఏ బిళ్ళ?"

"నెత్తి మీద పెట్టుకున్నావుగా."

"ఓ, గదా. ఏడనో పడ్డది. జ్వరంల యాదికి లేదు. దేవులాడుత తియ్."

"అది లేకపోతే సెట్టు పోయినట్టేనన్నా."

"గందుకే అంటున్న. దొరికినంక పోదువు. గంత తొందరేంది?"

అన్న కుర్చీలో కూర్చుని పేపర్ మడతలు సరిచేయడం మొదలుపెట్టాడు. మంచం కిందకి వంగలేదు, దుప్పటి దులపలేదు. దేవులాడేవాడి లక్షణాలు ఒక్కటీ కనపడలేదు. సూట్‌కేసు హాల్లోనే ఉండిపోయింది. తర్వాత వాడి గదిలోకి వెళ్ళింది. మంచు కరిగేనాటికి బీరువా పైకెక్కింది. వీసా మా అడ్రసు మీదే పొడిగించారు. ప్రతి ఆదివారం బాబాయ్ ఫోను అవగానే వాడు వచ్చి, "అన్నా, బిళ్ళ?" అనేవాడు. "దేవులాడుతున్న," అనేవాడు అన్న. తర్వాత ముగ్గురం కూర్చుని తినేవాళ్ళం.

మరుసటి ఏడాది వాడికి ఉద్యోగం దొరికింది, వోల్ఫ్స్‌బర్గ్‌లోనే. సామాను సర్దడానికి నేను సాయం పట్టాను. చెక్కపెట్టె మూత తెరిచి ఉంది. గుంటలన్నీ నిండి ఉన్నాయి.

"ఇది ఎప్పుడు దొరికింది?"

"నీకెందుకు బ్రో," అని మూత వేసేశాడు.

ఆ పెట్టె వాడు ప్రతి ఆదివారం తీసేవాడు. గ్లౌజులు వేసుకుని ఒక్కో బిళ్ళనీ తుడిచి పెట్టేవాడు. ఫోనుకి ముందే తుడుచుకునేవాడు. "అన్నా, బిళ్ళ?" అని అడగడం ఆ తర్వాత.

స్టేషన్‌కి బయల్దేరేముందు గుమ్మంలో అన్న వాడి భుజం తట్టాడు.

"తమ్మీ, గా బిళ్ళ అయితే దొరకలే. దొరికితే పంపిస్త."

"పర్లేదన్నా. వెతుకుతా ఉండు."

ఇద్దరి మొహాల్లోనూ ఒక్క చిన్న నవ్వు కూడా లేదు. నాకు ఇప్పటికీ ఆ ఇద్దరి మీదా అనుమానమే.