నేతిగిన్న దయ్యం

ఒకసారి చూసిన దయ్యం సినిమా రెండోసారి కూడా భయపెడుతుందా అని ఈ రోజుల్లో అరుగుల మీద తీరిగ్గా వాదించుకుంటారు. మా వయసు కాలంలో ఆ వాదన మీద ఒక పెళ్లే ఏడాది పాటు వేలాడింది. ఆ పెళ్లికొడుకును నేనే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకునే హక్కు నాకుంది. అప్పటికి బొమ్మలకు ఇంకా మాటలు రాలేదు (పట్నంలో వచ్చాయట, మా దాకా రాలేదు). డేరా వేసి మూగబొమ్మ ఆడిస్తుంటే, తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. మధ్యమధ్య తెర మీద అక్షరాలు పడేవి గానీ అవి ఏ లిపో మాలో ఎవరికీ తెలియదు. ఆయన ఏం చెబితే అదే కథ.

భువనగిరిలో డేరా పడినప్పుడు మా మేనమామ, ఆయన కొడుకైన మా బావ, నేను కలిసి పోయాం. నేను అప్పుడే నల్లగొండలో ఒక వకీలు దగ్గర దరఖాస్తులు రాసే పనిలో కుదిరాను. మామ కూతురిని నాకివ్వాలని పెద్దలు అనుకుని ఉన్నారు. తెర మీద తెల్లచీర కట్టిన ముసలామె దీపం పట్టుకుని చీకటి ఇంట్లో నడుస్తున్నది. కథ చెప్పేవాడు గొంతు తగ్గించి, "సచ్చి మూడు దినాలైంది... అయినా లేచొచ్చింది... అగో, మనదిక్కే చూస్తాంది!" అన్నాడు. ఆమె నిజంగానే మా దిక్కు చూసింది. తర్వాత నాకు తెలిసిందల్లా, నేను డేరా బయట ఉన్నాను, నా చేతిలో మామ తలరుమాలు ఉంది. (ఉరికేటప్పుడు చేతికి ఏదో ఒకటి తగులుతుంది గదా!) పదిమందిలో బోడితలతో నిలబడ్డ మామ అక్కడికక్కడే తేల్చేశాడు. "తెల్లచీరను చూస్తెనే ఉరికెటోనికి పిల్లనిస్తే, రేపు ఇంట్ల దొంగలు పడితే పిల్లను ముందుకు నూకి వీడు ఎనుక దాసుకుంటడు."

మామ అన్నదానికైనా సరిపెట్టుకునేవాణ్ణి. బావ వదలలేదు. "అండ్ల భయమేముంది బామ్మర్దీ? ఇంకోసారి చూస్తే నవ్వొస్తది" అని పెళ్లిళ్లలో అన్నాడు, జాతరలో అన్నాడు, చివరికి మా తాత మాసికం నాడు విస్తరి ముందు కూడా అన్నాడు. (ఎవరెవరు నవ్వారో ఈ రోజుకీ వరుసగా చెప్పగలను.) నేనూ తగ్గలేదు. "ఎన్నిసార్లు చూసినా భయమే" అన్నాను. ఏడాది తిరిగేసరికి పిల్లకు వేరే సంబంధాలు చూస్తున్నారని తెలిసి నాకు అన్నం సయించడం మానింది. సరిగ్గా అప్పుడే అదే బొమ్మ నల్లగొండకు వచ్చింది. ఇద్దరినీ బతిమాలి పిలిపించాను. "మామా, ఒక్కసారి చూడు. భయం కాకుంటే నీ బిడ్డ మాట మళ్ల ఎత్తితే అడుగు" అన్నాను.

అదే తెల్లచీర, అదే దీపం. కథ చెప్పేవాడు గొంతు సవరించుకున్నాడు. "గీ అత్తకు కోడలి మీద నమ్మకం లేదు. నేతిగిన్న యాడ దాసిందోనని ఎతుకుతాంది." డేరా అంతా గొల్లుమంది. ముసలామె మా దిక్కు తిరగ్గానే, "మీకేమన్న కానొచ్చిందా అని అడుగుతాంది" అన్నాడు. మామ కడుపు పట్టుకుని నవ్వాడు. బావ నా వీపు చరిచి, "నెయ్యికి జడుసుకున్నవా బామ్మర్దీ!" అన్నాడు.

ఆట అయిపోగానే తెర వెనక్కు పోయి ఆ మనిషిని పట్టుకున్నాను. భువనగిరిలో చెప్పిందీ ఆయనే. ఆ గొంతు నేను మరిచిపోతానా? రుమాలు దగ్గర నుంచి విస్తరి దాకా నాకు జరిగిన అన్యాయమంతా విన్నవించాను. ఆయన బీడీ ఆర్పి, "అయ్యా, అసలు కథేందో నాకు గూడ ఎర్కలేదు. భువనగిరిల నవ్వుల కథ జెప్తే జనం నడుమల్నే లేచిపోయిండ్రు, మరునాడు ఆమెను దయ్యం జేసిన. గీడ పిల్లల తల్లులు మస్తు వచ్చిండ్రని నెయ్యి కథ జెప్పిన" అన్నాడు.

"రెండో ఆటకు ఆమెను మళ్ల దయ్యం జెయ్యి" అన్నాను.

"గంతేనా?" అన్నాడు.

"చూసిందే చూసుడేందిరా" అని సణుగుతూనే మామ మళ్లీ కూర్చున్నాడు. ముసలామె దీపంతో వచ్చింది. "సచ్చినామెకు ఒకటే కోపం" అన్నాడాయన మెల్లగా. "మేనల్లుణ్ణి విస్తరి ముందు ఏడిపించినోళ్ల ఇల్లేదని అడుగుతాంది. పిల్లనిస్తమని మాట తప్పినోళ్ల ఇల్లేదని అడుగుతాంది... అగో, మనదిక్కే చూస్తాంది!" (ఈ మాటలు అనమని నేను చెప్పలేదు, ఒట్టు.) బావ నవ్వబోయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాడు. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. "అల్లుడా, ఆమెకు మా ఇల్లు జెప్పకు. ఎల్లుండే అయ్యగారిని పిలిచి ముహూర్తం పెట్టిద్దాం" అన్నాడు గుసగుసగా. ఏడాదిగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది. ఆ రాత్రి నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదని మామ చాలామందికి మెచ్చుకుంటూ చెప్పాడు. ఆయన చెయ్యి వదిలితే గదా, నేను కదిలేది!

చాలా ఏళ్ల తర్వాత మా ఆవిడతో, "ఆ బొమ్మ ఎక్కడన్నా ఆడితే మళ్లీ చూడాలనుంది. అసలు ఆ ముసలామె సంగతేమిటో తేలాలి" అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "వద్దులే. గీసారి చెప్పెటోడు ఏం కథ జెప్తడో ఏమో. అయిన పెండ్లి అయినట్టే ఉండనీ" అంది. జీవితంలో ఎవరి మాటకూ ఎదురు చెప్పకుండా ఉండలేని నేను, పక్కన కూర్చుని చేటలోంచి ఒక రాయి ఏరాను.