వాసుదేవరావు గారి డబ్బా

మ్యూనిక్‌లో వాసుదేవరావు ఆఫీసు పనంతా కంటికి కనబడని సర్వర్లతోనే. అందుకే కాబోలు, శనివారం వస్తే చాలు, కూతురు సంయుక్త గదిలోని పాత డెస్క్‌టాప్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ముందుగా గోడ పక్కన హీటర్ గొట్టాన్ని ముట్టుకుంటాడు, ఒంట్లో కరెంటు పోవడానికట. స్క్రూలన్నీ ఆవకాయ సీసా మూతలో వేస్తాడు. ర్యామ్ పీకి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది, మళ్లీ టక్కున బిగిస్తాడు. అమీర్‌పేటలో నేర్చిన వైద్యం అది. ఏ రోగానికైనా మొదట అదే.

ఈసారి అది పని చేయలేదు. గది సర్దుతూ డబ్బాను జరిపినప్పటి నుంచీ, ఆన్ చేస్తే టకటక కొట్టుకుని, వేడెక్కి ఆరిపోతోంది. "ఇవాళ బాగవకపోతే ఆ పాత సామాన్ల యార్డు, వెర్ట్‌స్టాఫ్‌హోఫ్‌లో పడేసి రండి. సంయుక్త చదువుకని క్లాస్తాల్ వెళ్లిపోయిందాయె, ఇంకెవరికండీ ఇది?" అంది గుమ్మంలోంచి భార్య భానుప్రియ. అతను డబ్బా లోపలికి వంగాడు. ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పితే ఏదో అడ్డం తగిలింది. చిన్న పట్కారుతో లాగాడు. దుమ్ము పట్టిన పసుపు బియ్యపు గింజ! దసరా పూజలో కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, "నాలుగు అక్షింతలు వెయ్యమ్మా" అంటే, గుప్పెడు విసిరి పకపకా నవ్విన చిన్నప్పటి సంయుక్త ఇద్దరికీ గుర్తొచ్చింది. స్విచ్ వేస్తే డబ్బా చప్పుడు లేకుండా నడిచింది. వాసుదేవరావు దాన్ని ఆపి, గింజను అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. భానుప్రియ పక్కన చతికిలబడి, స్క్రూల మూత అతని ముందుకు జరిపింది.

"ఫ్యాన్‌కు తగలకుండా, ఆ గింజను లోపలే ఓ మూల పెట్టేయండి."