తేమగాలి

మరమగ్గాలు ముందు ఆ లోయలోనే ఎందుకు దిగాయి? ఎంత చదివినా ఈ ప్రశ్న తెగదు. కొండను గీరితే బొగ్గు బయటపడేది, అందుకే అంటారు కొందరు. ఏటి వాలంటారు, షావుకార్ల దగ్గర మూలుగుతున్న సొమ్మంటారు ఇంకొందరు. ఆ లోయలోని ఏటిగట్టు వీధి నేతగాడికి మాత్రం సందేహమే లేదు. వాటిని పిలిచింది తన నోరేనని అతని నమ్మకం.

ఒకనాడు దారినపోయే పెద్దమనిషి మంచినీళ్ళడిగాడు. మగ్గం పక్క కిటికీకి వేలాడే తడిగుడ్డను చూసి "ఇదెందుకు?" అన్నాడు.

"గాలి పొడిబారితే నూలు తెగుతుందండీ. ఎప్పుడో ఓ పూట కట్టాల్సొస్తుంది. మిగతా రోజులన్నీ మా ఊరి గాలే తడిగుడ్డ!" అని గొప్పలు పోయాడు నేతగాడు.

"ఆరేసిన బట్టలు ఆరని ఊరు! అదో గొప్పా?" అని రాట్నం దగ్గర్నుంచి దెప్పింది భార్య.

పెద్దమనిషి నవ్వలేదు. కిటికీ దగ్గరే నిలబడి నీళ్ళు తాగాడు.

కొన్నాళ్ళకు ఏటి ఒడ్డున నూలు మిల్లు లేచింది. మొదట్లో సంబరమే. వీధి ఆడవాళ్ళంతా వడికినా మగ్గాలకు నూలు చాలేది కాదు, ఇప్పుడది బుట్టలకు బుట్టలు వచ్చిపడింది. రాట్నం అటకెక్కింది. ఆ తర్వాత మిల్లులో మగ్గాలూ ఆవిరితో ఆడసాగాయి. ఇంటి నేత అడిగేవాడు లేక భార్య మిల్లులో చేరింది.

"ఆ పెద్దమనిషికి నీళ్ళిచ్చి ఊరుకోవాల్సింది," అనేవాడు అతను.

"మీరు నోరు మూసుకుంటే ఏరు ఎండేదా, బొగ్గు లోపలికి పోయేదా? ఆ మాట వదిలేసి రండి, మిల్లుకు ఇద్దరం కలిసి వెళ్దాం."

"మిల్లు కూత పెడితే లేచే బతుకు నాకొద్దు."

మిల్లు హోరులో మాట వినబడదు. అక్కడి ఆడవాళ్ళు గొంతెత్తరు, పెదవులు కదిపి మాట్లాడుకుంటారు. ఒక మధ్యాహ్నం అతను తిండి మూట పట్టుకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. భార్య దూరాన ఉన్న పొరుగావిడతో పెదవులతోనే ఏదో అంది. ఇద్దరూ విరగబడి నవ్వారు.

బయటికొస్తూ పొరుగావిడ, "అన్నయ్యగారూ, మిమ్మల్నే అంది!" అంది.

"ఏమని?"

"మీ ఆవిడనే అడగండి."

ఇంట్లో అడిగాడు. "అబ్బే, ఊరికే అన్న మాటండీ," అందామె.

"పోనీ, ఆ మాటలు నాకూ నేర్పు."

"నేర్పడానికి మనింట్లో చప్పుడేదీ?"

వేళాకోళానికే అంది. అతను మూలన ఆగిపోయిన మగ్గం వంక చూశాడు. ఆమె నాలిక కరుచుకుంది.

మర్నాడు పనికి వెళ్తూ ఆమె వీధి మలుపులో వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ పెదవులే కదిపింది. ఏమన్నావని ఒక్క కేక వేస్తే పోయేది. వేయలేదు. అర్థమైనట్టు తలూపాడు.

చేతి మగ్గాలింకా ఆడే ఊరు ఏదో ఒకటి ఉండకపోదనుకుంటూ మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెను సంచిలో వేసుకుని బయల్దేరాడు. దారి మిల్లు ముందు నుంచే. చెప్పి వెళదామని గుమ్మంలో ఆగాడు. లోపల ఆమె వంగి, తెగిన పోగు ముడివేస్తోంది. పిలిస్తే వినబడదు. పెదవులతో చెప్పడం తనకు రాదు.

ఆమె తలెత్తేలోపే ఏటిగట్టు ఎక్కి వెళ్ళిపోయాడు.