తాళాలక్క నెంబరు

“షట్టర్ నాది. దాని మీద రంగు నాది. ఆ రంగు వేయించిన డబ్బూ నాదే. నెంబరు మాత్రం వాళ్ళదట! ఎక్కడైనా విన్నారా అన్నయ్యా ఈ విడ్డూరం?”

వినలేదన్నట్టు తలూపాను. ఆవిడ చేతిలోని ఆకురాయి మాత్రం ఆగలేదు. బల్లకు బిగించిన వైస్‌లో మా బీరువా తాళంచెవి అరుగుతోంది, ఇత్తడి పొడి ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద రాలుతోంది.

నేను వెళ్ళింది మారుతాళం చేయించుకోవడానికి. నిలబడి చేయించుకుని వచ్చేసే పని అది. కానీ ఆవిడ మాట మొదలుపెట్టాక నిలబడడం కుదరదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ తర్వాత పనేమీ లేకపోయినా మరో రెండు ఉదయాలు వెళ్ళి అదే స్టూలు మీద కూర్చున్నాను.

వీధి వీధంతా ఆవిడను తాళాలక్క అంటుంది. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కే అంటారు. దర్జీ కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ కొట్టు. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాలి. గోడ నిండా మేకులు, మేకులకు ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీలో అత్తగారు, అత్తగారి ఒళ్ళో ఫోను.

పని నేర్పింది మేనమామ. “తాళం అలిగిన మనిషిలాంటిది, బతిమాలాలే గానీ బలవంతం చేయకూడదు అనేవాడు మామయ్య. నేను బతిమాలతాను, వినకపోతే తిడతాను కూడా. తిడితే వచ్చే తాళాలు కూడా ఉంటాయి అన్నయ్యా, నవ్వకండి.”

ఫోన్ పని అత్తగారిది. తలుపు పడిపోయి బయట ఇరుక్కున్నవాళ్ళు కంగారుగా ఫోన్ చేస్తారు. ఈవిడ ముందు వాళ్ళను కుదుటపరుస్తుంది. “ఏడవకమ్మా, తలుపు నీ వైపుకు గట్టిగా లాగి పట్టుకో, ఆ, ఇప్పుడు తిప్పు” అంటుంది. చాలాసార్లు తలుపు అక్కడికక్కడే తెరుచుకుంటుంది.

“నా గిరాకీ సగం మా అత్తయ్య ఫోన్‌లోనే తెరిచేస్తుంది” అంది కోడలు.

“తెరుచుకున్నవాళ్ళే పదిమందికి చెప్తారే పిచ్చిదానా” అంది అత్తగారు, నా వైపు చూసి కన్నుగీటుతూ.

వీళ్ళిద్దరి మధ్యకు ప్రకటనలాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పలకంత టాబ్లెట్. “ఇప్పుడు బయట ఇరుక్కున్నవాళ్ళు పక్కింటివాళ్ళను అడగరు మేడమ్. ఫోన్ తీసి వెతుకుతారు. వెతగ్గానే పైన మీరే కనిపించాలి. మిగతాది మాకు వదిలేయండి” అన్నాడు. అందులో అబద్ధం లేదని తాళాలక్కే ఒప్పుకుంటుంది. నిజంగానే కొత్త కాల్స్ వచ్చాయి, ఎప్పుడూ పేరు వినని వీధుల నుంచి కూడా. వచ్చిన ప్రతి కాల్‌కూ వాళ్ళకు ఇంత అని కట్టాలి. ఆ కాల్‌ని వాళ్ళు లీడ్ అంటారు.

“లీడేంటయ్యా, మనిషి అనలేవా?” అని అత్తగారు అప్పుడే అడిగిందట.

ఎన్ని కాల్స్ తమ వల్ల వచ్చాయో తెలియాలని ఆయన కొత్త నెంబరు ఒకటి ఇచ్చాడు. అది ప్రకటనలో మాత్రమే కనిపిస్తుంది, దానికి ఎవరు చేసినా మోగేది ఈ ఫోనే అన్నాడు. ఇక్కడే తాళాలక్క తనకు తానే గొయ్యి తవ్వుకుంది. ఆ నెంబరులో వచ్చిన అంకెలే మళ్ళీ మళ్ళీ వస్తాయి, ఒకసారి వింటే నోటికి వచ్చేస్తుంది. ఆవిడ పాత నెంబరు ఇంట్లోవాళ్ళకే గుర్తుండదు. ఇంత చక్కటి నెంబరు ఊరికే ప్రకటనలో పడి ఉండడమెందుకని పెయింటర్‌ను పిలిచింది. షట్టర్ మీద రాయించింది. వ్యాన్ మీద రాయించింది. కోసిన ప్రతి తాళంచెవికీ ఒక రేకు బిళ్ళ తగిలించి ఇస్తుంది కదా, ఆ బిళ్ళల మీద కూడా అదే కొట్టించింది. అలా ఊళ్ళో సగం జేబుల్లోకి ఆ నెంబరు తనే తీసుకెళ్ళి పెట్టింది.

“మేళం పెట్టి మరీ రాయించానండి. పెయింటర్‌కు టీ ఇచ్చాను, బిస్కెట్లు కూడా ఇచ్చాను.”

ఆ నెంబరు ద్వారా ఎవరు చేసినా, ఫోన్ ఎత్తగానే ముందు ఒక మర గొంతు వినిపిస్తుంది: “ప్రకటన ద్వారా వచ్చిన కాల్. ఈ సంభాషణ రికార్డ్ చేయబడుతుంది.” అత్తగారు ఆ గొంతుకు కూడా జవాబిచ్చేది. “అలాగేనమ్మా, చేసుకో. భోంచేశావా?” అని.

ఒక మధ్యాహ్నం ఆ మర గొంతు అయిపోయాక పక్క కొట్టు దర్జీ గొంతు వినిపించింది.

“పిన్నిగారూ, నా కత్తెర మీ దగ్గర గానీ ఉందా?”

గోడకు అవతల ఉన్న మనిషి. గట్టిగా దగ్గితే వినిపించే దూరం. షట్టర్ మీద చూసి చేశాడు. అత్తగారు కత్తెర ఇచ్చి పంపేసింది గానీ కోడలికి నిద్ర పట్టలేదు. ప్రకటనలాయన మళ్ళీ రాగానే నిలదీసింది.

“గోడ పక్క దర్జీ కత్తెర కోసం చేస్తే అది కూడా మీ లీడేనా?”

“నెంబరు మాది మేడమ్. దానికి వచ్చే ప్రతి కాల్ మాదే అవుతుంది.”

“అయితే ఆ కత్తెర కూడా మీదేనా నాయనా?” అని అత్తగారు అడిగింది.

ఆ రోజే మానేస్తానని చెప్పేసింది తాళాలక్క. మానేయండి, నెంబరు మాత్రం మా దగ్గరే ఉంటుంది అన్నాడాయన. ఉంటే ఉండనీ అనుకుంది. దాని అర్థం మర్నాడు గానీ తెలియలేదు. ఫోన్ మోగలేదు. అత్తగారు మాటిమాటికీ దాన్ని ఎత్తి చూసి, ఛార్జింగ్ పెట్టి, మళ్ళీ తీసి చూసింది. పాత ఖాతాదారు ఒకావిడ కొట్టుకే వచ్చి నిష్ఠూరమాడింది. “నిన్ను పిలిస్తే ఎవరినో పంపావేంటి అక్కా? మేమంత కానివాళ్ళమైపోయామా?” అని.

అప్పుడు తాళాలక్క ఏం చేసిందంటే, షట్టర్ దించి, తన సొంత తాళం తనే వేసి, అత్తగారిని దర్జీ బల్ల మీద కూర్చోబెట్టి, దర్జీ ఫోన్‌లోంచి తన షట్టర్ మీది నెంబరుకు తనే ఫోన్ చేసింది.

“ఎవరో ఎత్తి ఏమన్నారో తెలుసా? తాళాలక్క సేవలకు స్వాగతం అన్నారు. నాకు! నా పేరుతో నాకే స్వాగతం!”

“నేను ఫోన్ లాక్కోకపోతే అక్కడే తిట్టేసేది” అంది అత్తగారు. “నేనే మాట్లాడాను. ముసలిదాన్ని నాయనా, బయట ఇరుక్కుపోయాను అన్నాను. గొంతు వణికించాను కూడా.”

కాసేపటికి స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. వంతెన అవతల కొట్టున్న తాళాలాయన. సంచీ దించి షట్టర్ కేసి చూశాడు, దాని మీది తాళం బొమ్మ కేసి చూశాడు, నెంబరు కేసి చూశాడు.

“ఇది తాళాల కొట్టు కదండీ?”

“అవును.”

“తాళాల కొట్టుకు తాళం తీయడానికి పిలిచారా?”

“తీయి నాయనా, నీ పనితనం చూద్దాం” అంది అత్తగారు.

అతను తీశాడు. అది చెప్తున్నప్పుడు తాళాలక్క గొంతులో కోపం కాసేపు పక్కకు తప్పుకుంది. “నెమ్మది మనిషి. కానీ ఒక్క గీత పడనివ్వలేదు. మంచి చెయ్యి.” కూలి చేతిలో పెట్టి, తనెవరో అప్పుడు చెప్పింది.

“నాకు లీడ్ అని పంపారు అక్కా. ఆ అక్క మానేసింది, ఇక ఆ వైపంతా నీదే అన్నారు.”

“నీకూ ఒక నెంబరు ఇచ్చారా?”

“ఇచ్చారు. బండి మీద రాయిద్దామనుకుంటున్నాను.”

“రాయించకు తమ్ముడూ. రేపు నువ్వు మానేస్తే నీ బండి ఇంకొకడికి గిరాకీ తెస్తుంది.”

“మానేస్తే నాకు ఫోనే మోగదు అక్కా. ఇంట్లో నలుగురం.” తిట్టాల్సిన మనిషి అతను కాదని తాళాలక్కకు తెలిసింది. మానేయలేదు గానీ అప్పటినుంచి ఎవరైనా ఆవిడ పేరు చెప్పి అడిగితే, అతను తన భార్య ఫోన్‌లోంచి ఇటు ఒక మాట వేస్తున్నాడు: “అక్కా, మీవాళ్ళే, మీరే వెళ్ళండి.” తన ఫోన్‌లో మాట్లాడితే వాళ్ళకు రికార్డవుతుందేమోనని భయం.

ఇన్ని జరిగినా షట్టర్ మీది నెంబరు ఆవిడ చెరపలేదు. అత్తగారు చెరపనివ్వలేదు. ఎప్పటికైనా తిరిగి వస్తుందేమోనని ఆ పెద్దావిడ ఆశ. ఊళ్ళో ఇన్ని జేబుల్లో ఉన్న నెంబరు, చేజారిపోతే ఇన్నేళ్ళ మనుషులు చేజారినట్టేనని భయం.

మూడో ఉదయం నేను ఉండగానే ప్రకటనలాయన వచ్చాడు. మర్యాదగా నమస్కారం పెట్టాడు. టాబ్లెట్ ముందుకు తిప్పి చూపించాడు. అన్నిటికంటే పైన, బొద్దు అక్షరాల్లో, “తాళాలక్క – నమ్మకమైన సేవ – ఇప్పుడే కాల్ చేయండి.”

“ఈ పేరు నాకు మా వీధి పెట్టిందా, మీ ఆఫీసు పెట్టిందా?” అంది ఆవిడ.

“పేరు మీరు ఎక్కడా నమోదు చేసుకోలేదు కదా మేడమ్. ఇవన్నీ ఎందుకు? ఏడాది ఒప్పందానికి ఒక్క సంతకం పెట్టండి. నెంబరు, పేరు, కాల్స్ అన్నీ రేపటినుంచి మళ్ళీ మీవే.”

కొట్టులో ఆకురాయి చప్పుడు ఆగింది. అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ఎప్పుడూ మాట దాచుకోని ఆవిడ మెల్లగా, “ఒకసారి ఆలోచించవే. ఫోన్ మోగి ఎన్నాళ్ళయింది” అంది. తాళాలక్క ఆయన చాచిన ఒప్పందం కాగితం తీసుకుంది. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ఆయన పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు.

“మీకొకటి చెప్తాను వినండి” అంది చదవడం అయ్యాక. “ఒకాయన ఇంటి తాళంచెవి చేయమని నా దగ్గరికి వస్తాడు. చేసిస్తాను. కానీ ఇంకోటి చేసి నా దగ్గర దాచుకుంటాను. ఆయన నాకు డబ్బు కట్టడం మానేసిన రోజున, ఆ చెవితో తలుపు తీసి, ఆ ఇంట్లో ఇంకొకరిని కాపురం పెడతాను. అప్పుడు నన్నేమంటారు?”

“అది వేరు మేడమ్.”

“దొంగ అంటారు. మా పనిలో మొదట నేర్చుకునేది ఆకురాయి పట్టడం కాదు. ఎవరి తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టేయడం.”

“మీరు మొదట్లో సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది కదా, నెంబరు మాదని.”

“ఉంది. చదవలేదు. తప్పే. దానికి పడాల్సింది పడ్డాను. ఇప్పుడు చదివాను, ఇక చచ్చినా పెట్టను.”

“ఆర్నెల్ల తర్వాత మీరే వస్తారు మేడమ్, నా మాట రాసిపెట్టుకోండి.”

“నాకు రాయాల్సింది వేరే ఉంది. కొంచెం జరగండి, మీ చొక్కాకు రంగంటుకుంటుంది.”

నిజంగానే డబ్బా తెచ్చింది. ఆయన కారు వీధి చివర తిరిగేలోపే ఆ చక్కటి నెంబరు మీద నల్లరంగు పడింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఒక్కో అంకె మాయమవుతుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి గానీ, వద్దే అనలేదు. రంగు కాస్త ఆరాక, తాళాలక్క తెల్లరంగుతో తనే రాసింది: “తాళాలక్క ఇక్కడ ఉంది. ఫోన్‌లో పైన కనిపించేది నేను కాదు.” కింద, ఎవరికీ గుర్తుండని పాత నెంబరు.

“అక్షరాలు కిందికి జారుతున్నాయే” అంది అత్తగారు.

“జారనీ అత్తయ్యా. మనవే కదా.”

దర్జీ బయటికొచ్చి పైకి చదివాడు. “పిన్నిగారి సంగతి రాయలేదేం?” అన్నాడు. అత్తగారు తేరుకుంది. “రాయవే, అత్తగారు కూడా ఇక్కడే అని రాయి. జనం నా గొంతు కోసమే చేస్తారు” అంది. చోటు లేక చిన్నగా ఓ మూల రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు, నెంబరు చెరిపేసిన వ్యాన్ వేసుకుని పాత ఇళ్ళకు వెళ్ళి, “ఒకసారి మీ తాళాలగుత్తి ఇటివ్వండి” అని అడిగి బిళ్ళలు మారుస్తోందావిడ. కొందరు లోపలికి పిలిచి కూర్చోబెడతారు. కొందరు తలుపు సందులోంచే సరే సరే అని పంపేస్తారు. సెర్చ్‌లో కూడా, డబ్బు కట్టనక్కర్లేని చోట, తన కొట్టు చిరునామా అంతకుముందే తనే పెట్టుకుంది. అది చాలా కింద వస్తుంది. ఆ ప్రకటన ఇంకా పైనే ఉంది, ఇంకా ఆవిడ పేరుతోనే. ఫోన్ మునుపటిలా మోగడం లేదు. అడిగితే, “మోగుతుంది, మోగేదాకా నేనే వెళ్ళి మోగిస్తాను” అంటుంది.

ఆ మూడో ఉదయానికి నా తాళంచెవి ఎప్పుడో అయిపోయింది, షట్టర్ మీద రంగు ఆరుతోంది. లేచాను. తాళాలక్క చేతులకంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

“అన్నయ్యా, మీరు రోజూ నడుస్తారు కదా. ఎక్కడైనా ఎవరైనా తమ తలుపు ముందే నిలబడి, జేబులన్నీ తడుముకుని, ఫోన్ తీసి వెతకడం కనిపిస్తే తిన్నగా వెళ్ళి ఆపండి. మొహమాటపడకండి. పైన ఉన్నది నొక్కకు, వేలితో కిందికి జరుపు అని చెప్పండి. నేను అక్కడ దొరుకుతాను. నా దగ్గరికే రావాలని లేదు, ఆ వంతెన అవతలాయన కొట్టు చూపించినా సరే, నడిచి వెళ్ళమనండి. మనిషిని మనిషి దగ్గరికి పంపండి, అంతే. వినకపోతే ఆ ఫోన్ తీసుకుని మీరే కిందికి జరపండి. తిడితే నా పేరు చెప్పండి.”