నయాపూల్ కోర్టులో ఛత్రీ కేసు

మా మొఘల్‌పురా గల్లీలో రామలింగం అంటే ఎవరికీ తెలియదు. ఛత్రీ అంటే మేకపిల్ల కూడా ఇల్లు చూపిస్తుంది. కరెంటు ఆఫీసులో అటెండరు. చొక్కా ఇస్త్రీ నలగకుండా నడిచే మనిషి. మాది పక్కిల్లు గనుక అతని సంగతులు అతని కంటే నాకే ఎక్కువ తెలుసు.

సైదాబాద్‌లో ఒక పెళ్ళికి పోయి, తిన్నది చాలక, మడిచిన గొడుగు నిండా లడ్డూలు నింపుకున్నాడు. పందిరి దాటగానే వాన. గొడుగు చేతిలో పెట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. పాపం, పెళ్ళికొడుకు మేనమామ మర్యాదకు పోయి, తానే గొడుగు అందుకుని తెరిచాడు. లడ్డూలన్నీ ఆ మేనమామ నెత్తిన రాలాయి. మా గల్లీలో గొడుగును ఛత్రీ అంటారు; ఆ పూట నుంచి మనిషే ఛత్రీ అయ్యాడు. ఏళ్ళ తరబడి ఆ పిలుపుకు పలికాడు కూడా. సిగ్గు గల్లీ దాటనంత కాలం ఎవరికీ బరువనిపించదు.

డెబ్బై నాలుగులో అది గల్లీ దాటింది. వాళ్ళ ఆఫీసరు ఏదో పనిమీద ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, సైకిల్ దుకాణం ఓదెలును అడిగాడు.

"రామలింగమా? గసొంటోడు ఈడ లేడు సార్."

"పొట్టిగా ఉంటాడు. తలకు నూనె, ఎండాకాలం కూడా చేతిలో గొడుగు..."

"అరె, గట్ల చెప్పుండ్రి! మా ఛత్రీగాడు!"

ఓదెలు ఆయనకు చాయ్ తాగించి, లడ్డూల కథంతా చెప్పి మరీ పంపాడు. మర్నాటికి ఆఫీసులోనూ ఛత్రీయే. రామలింగం తన పేరు తనకు ఇప్పించమని ఓదెలు మీద పరువునష్టం కేసు వేశాడు. వకీలు ఆ కాగితంలో ఇగ్నోమినీ అని ఒక ఇంగ్లీషు మాట రాశాడట. రామలింగం ఆ మాటను మాత్రం గల్లీలో ఇంటింటికీ పంచాడు. లడ్డూ ఏనాడూ పంచలేదు.

నన్ను సాక్ష్యానికి బతిమాలితే, కోర్టు చూసినట్టుంటుందని పోయాను. వరండా మెట్ల మీద కూర్చోబెట్టి అర్థం విప్పడం మొదలుపెట్టాడు.

"అక్కా, గిది లాటిన్ అని పాత భాషల నుంచి వచ్చింది. అండ్ల నోమెన్ అంటే పేరు. ముందల ఇన్ పెడితె లేదని. పేరు లేకుండ చేసుడన్నట్టు."

"బద్నాం అనరాదు?"

"కాదక్కా! బద్నాం అయితే పేరు ఖరాబైతది గాని ఉంటది. గిండ్ల పేరే ఉండదు. మనిషి జాగల ఖాళీ, ఉత్త పొక్క."

"పేరు పోయిందని మా అవ్వ గూడ అంటుండె. దానికి గంత దూరం పోవాల్నా?"

లోపలి నుంచి కోర్టు జవాను వచ్చి గొంతెత్తాడు. "రామలింగం హాజిర్ హై?"

"వకీలు సాబ్ ఏమన్నడంటే అక్కా..." ఇతని ధోరణి ఇతనిదే.

జవాను మళ్ళీ పిలిచాడు. ఇతనికి చిరాకు వేసింది.

"ఎవడో రామలింగమట. కేసేసి ఏడ తిరుగుతున్నడో! గిసొంటోళ్ళతోనే కోర్టుల పనులు ఆగుతయి."

నిజమే అనుకున్నాను. నా నోట ఆ పేరు పలికి ఎన్నేళ్ళయిందో. మూడో పిలుపూ అయిపోయింది. కాసేపటికి ఓదెలు బయటికి వచ్చాడు.

"ఓ ఛత్రీ!"

"ఆఁ, ఏంది భాయ్?" చప్పున లేచాడు.

"నిన్నే మూడుసార్లు పిలిచిండ్రు. కేసేసినోడు రాలేదని కొట్టేసిండ్రు. పా, ఇంటికి పోదాం."

వెనకే వచ్చిన వకీలు తిట్టిన తిట్లు లాటిన్‌లో లేవు, అందరికీ అర్థమయ్యాయి.

ఆ సాయంత్రం వాళ్ళింటి మాటలు గోడ ఇవతలికి వినిపించాయి. పెళ్ళాం రుక్మిణమ్మతో అంటున్నాడు.

"నువ్వన్నా రోజుకోపారి నా పేరు పెట్టి పిలువరాదె. చెవులకు అలవాటు గావాలె."

"థూ! మొగని పేరు నోట్లెకెళ్ళి తీస్తె ఆయుష్షు తగ్గుతదంటరు. నీకు పేరు గావాల్నా, పానం గావాల్నా?"

ఇంట్లో అటూ ఇటూ పదిసార్లు నడిచిన చప్పుడు వినిపించింది. అంతగా ఆలోచించాల్సిన సంగతా అది?

"బువ్వ పెట్టు" అన్నాడు.