పొయ్యి ఎక్కడ పెట్టాలి

గౌరవంగా డోన్యా అని పిలిచినా, హసింతా నోరు మంచిదని మెక్సికోలోని సాంతా లుగార్డా ఊళ్లో ఎవరూ అనరు. ఆమె గోర్దితాలు మంచివని మాత్రం అందరూ అంటారు. మందపాటి మొక్కజొన్న రొట్టెలో నాగజెముడు కూర కూరి, పెనం మీద కాల్చి ఇస్తుంది. బడి ఎదుట, రోడ్డు వారనే ఆమె కట్టెల పొయ్యి. కెరెతారో నగరానికి వెళ్లే లారీలు ఆ పొగ వాసనకే ఆగేవి.

బడి వెనక ఒక కంపెనీ వాళ్ల డేటా సెంటర్ లేచింది. కరెంటు పోయినప్పుడల్లా దాని డీజిల్ జనరేటర్లు ఊరి మీద మసి కక్కేవి. చేలో అనే పక్కింటావిడ కూతురు ఇత్సెల్‌కు ఆయాసం. ఆ పిల్ల రొప్పుతూ బడికి వెళ్తుంటే హసింతాకు కడుపు రగిలిపోయేది. డేటా సెంటర్‌కు రెండో షెడ్డు కూడా అక్కడే కడతారని తెలిసి, మున్సిపాలిటీ సభలో అందరికన్నా ముందు తనే లేచింది.

"కట్టుకోండి, ఎవరొద్దన్నారు? బడికీ ఆసుపత్రికీ దూరంగా కట్టుకోవాలని రూలు పెట్టండి."

కంపెనీ లాయరు నవ్వాడు. "డోన్యా, మాకు కరెంటు పోతేనే పొగ. మీ పొయ్యి రోజూ బడి గుమ్మంలోనే కదా?"

సభంతా గొల్లున నవ్వింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాడి మీద కోపం వచ్చింది. వాడన్నది నిజమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇంటికి రాగానే చేలోను నిలదీసింది. "నా పొగ పిల్లకి పడట్లేదని ఒక్కనాడైనా చెప్పావుటే?"

"నీ నోటికి దడిసి చెప్పలేదు వదినా. పైగా పొద్దున్నే దానికి ఊరికే తినడానికి పెడతావు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మర్నాడే హసింతా గడ్డపార పట్టింది. ఊరి చివర, గాలి పొలాల మీదికి పోయే వైపు కొత్త పొయ్యి వేసుకుంది. లారీలు అటు రాలేదు. అమ్మకం సగానికి పడిపోయింది. మాటకు మాట చెప్పలేక పొయ్యి పీక్కుందని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు.

తర్వాతి సభలో ఆమె లేవగానే లాయరే అందుకున్నాడు. "పొయ్యి ఎలా ఉంది, డోన్యా?"

"ఊరి చివర ఉంది బాబూ. గిరాకీ పోయింది. వంట మానలేదు, చోటు మార్చానంతే. మీరూ మార్చండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సభ్యులు చేతులెత్తి రూలు ఒప్పుకున్నారు. రెండో షెడ్డు గుట్ట అవతలికి పోయింది. మొదటిది మాత్రం రూలుకు ముందే కట్టింది కనుక బడి వెనకే ఉండిపోయింది.

"అదే కదలనప్పుడు నీకెందుకీ శిక్ష? మళ్లీ రోడ్డు మీదికి వచ్చెయ్ వదినా," అంది చేలో.

"పిల్ల పీల్చే ఆ పొగ చాలదుటే," అంది హసింతా, "నాది కూడానా?"